వాచీ కొనిచ్చాం, ఆయాసం సంగతి అడగలేదు

పోయిన సంక్రాంతికి విజయవాడ వెళ్తూ మా మావయ్యకి స్మార్ట్ వాచ్ పట్టుకెళ్లాను. ఆయనకి 62 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగరు. రోజుకి 10,000 అడుగులని టార్గెట్ నేనే పెట్టిచ్చాను. అదీ చాలక జిమ్‌లో చేరతానన్నాడు. "చెకప్ చేయించుకున్నావా మావయ్యా?" అంటే బీరువాలోంచి ప్యాకేజీ చెకప్‌ల లావుపాటి ఫైలు తీసి ముందు పడేశాడు. "అంతా నార్మలేరా, ఈసీజీతో సహా!"

మర్నాడు దుర్గమ్మ దర్శనానికి కొండ మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగాడు, రొమ్ము రుద్దుకుంటూ. "రాత్రి తిన్న పునుగులు అరగలేదురా. గ్యాసు." మనవాళ్లకి గుండెల్లో ఏమొచ్చినా ముందు గ్యాసు ఖాతాలోనే రాస్తారు కదా. అక్కణ్ణుంచే వెనక్కి దింపి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

డాక్టరు ఆ ఫైలు తెరవకముందే అడిగారు: ఎన్ని మెట్లకి ఆగుతున్నారు? ఆగితే తగ్గుతోందా? ఏ మందులు వాడుతున్నారు? పడుకోబెట్టి తీసిన ఈసీజీలో అప్పటి గుండె తీరే తెలుస్తుంది. గుండెకి రక్తమిచ్చే నాళం సన్నబడితే ఆ రక్తం లోటు చాలామందికి శ్రమ పడ్డప్పుడే బయటపడుతుంది. పైగా షుగరున్నవాళ్లకి నొప్పి రాకుండా ఒట్టి ఆయాసంతోనే సరిపోవచ్చు. యాంజియోగ్రాం తీశారు, ఒక స్టెంటు పడింది.

అందుకే ప్యాకేజీ చెకప్‌ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అలాగని అందర్నీ భయపెట్టకూడదు. ఏ జబ్బూ, ఏ ఇబ్బందీ లేని మనిషి కాలవగట్టున మెల్లగా నడక మొదలెట్టడానికి ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే టెస్టు అక్కర్లేదు. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు, వారాల మీద పెంచుకోవచ్చు. 'చెకప్ అయ్యాక చూద్దాంలే' అంటూ ఏడాది దాటించేవాళ్లు మా ఇంట్లోనే ఇద్దరున్నారు.

షుగరు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లూ, నడిస్తే గుండె పట్టేసినట్టుండటం, కళ్లు తిరగడం, మామూలుకి మించిన ఆయాసం ఉన్నవాళ్లూ మాత్రం ముందు డాక్టరుతో మాట్లాడాలి. మందుల చీటీ కూడా తీసుకెళ్లాలి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ అనే షుగరు మాత్ర వాడేవాళ్లకి వ్యాయామంతో షుగరు పడిపోవచ్చు. బీపీకి, గుండెకి ఇచ్చే మెటోప్రొలాల్ మాత్ర వేసుకునేవాళ్ల గుండె వేగం అంతగా పెరగదు, కాబట్టి వాచీ చూపించే గుండె వేగం టార్గెట్ వాళ్లకి వర్తించదు. ఇంత ఖరీదు పెట్టి కొన్నప్పుడు నాకీ సంగతి తెలీదు.

ఇప్పుడు ఆదివారం ఫోన్లో అడుగుల లెక్క అడగడం మానేశాను. మెట్ల దగ్గర ఎక్కడ ఆగుతున్నావని అడుగుతున్నాను. ఆగట్లేదంటాడు. ఆ రోజు వచ్చింది గ్యాసేనని మాత్రం ఇప్పటికీ వాదిస్తాడు.