ఆ కారు చల్లబడకూడదు

డాలస్‌లో మా బావకి ఒక పాత కారుంది. 1960ల చివర్లో తయారైంది కాబట్టి వయసులో బావ కంటే పెద్దది. ఎర్ర రంగు, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్, మర్యాద కోసం ఒక వెనక సీటు. ఏప్రిల్‌లో ఎండ మొదలైన దగ్గర్నుంచీ ఆ కారు వేడెక్కుతుంది. ఆ వేడి తగ్గించాలని నాలుగేళ్లుగా ఊళ్లో తెలుగువాళ్లంతా కృషి చేస్తున్నారు. విశాల ప్రజాప్రయోజనాల దృష్ట్యా ఆ కృషిని తక్షణం ఆపాలని సవినయంగా మనవి చేస్తున్నాను.

మామూలు ఒంట్లో పెద్ద ఇంజన్ ఇరికించిన ఇలాంటి కార్ల పుట్టుకలోనే ఒక చిలిపితనం ఉంది. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్ అప్పట్లో ఒక రూలు పెట్టుకుంది. ఆ కంపెనీలోనే ఒక విభాగమైన పాంటియాక్‌లో ఇంజనీరు జాన్ డిలోరియన్, ఆయనతో పనిచేసేవాళ్లు కలిసి 389 క్యూబిక్ అంగుళాల ఇంజన్‌ని టెంపెస్ట్ అనే మధ్యరకం కారులోకి ఎక్కించి, 'ఇది కొత్త కారు కాదండీ, ఉత్త ఆప్షన్' అన్నారు. లడ్డూ తినొద్దన్న డాక్టరుకి, తిన్నది బూందీయే అని చెప్పినట్టన్నమాట. 1964లో అలా వచ్చిందే జీటీఓ. 389 అంటే దాదాపు 6.4 లీటర్లు. మన పాత అంబాసిడర్ల ఒకటిన్నర లీటరు ఇంజన్లు నాలుగు కలిపినా అంత ఉండదు. ఇంజన్‌లో కాలిన పెట్రోలు వేడిలో ఇంచుమించు మూడో వంతు ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్లలోకే వస్తుంది. అదంతా ఆ నీళ్లని గాలితో చల్లార్చే రేడియేటర్ నెత్తిన పడుతుంది.

బావ కారు జబ్బు ఏమిటంటే, హైవే మీద డెబ్బై మైళ్ల వేగంతో పోతున్నప్పుడు వేడి చూపించే ముల్లు బుద్ధిగా ఉంటుంది. రెడ్ సిగ్నల్ దగ్గర ఆగితే పైకి పాకుతుంది. పాత కార్లు ఎరిగిన మెకానిక్ ఎవరైనా ఇది వినగానే, 'పరుగులో వేడెక్కితే నీళ్ల సంగతి చూడు, నిలబడితే వేడెక్కితే గాలి సంగతి చూడు' అంటాడు. ఇది బావకీ తెలుసు. కానీ గాలి సంగతి చూడ్డానికి డబ్బు ఖర్చు కాదు. అదే వచ్చిన చిక్కు.

మొదట థర్మోస్టాట్ మార్చాడు. 180 డిగ్రీల ఫారెన్‌హీట్‌ది తీసి 160ది వేశాడు. అది తలుపు లాంటిది. ఇంజన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి పోనివ్వదు. ముల్లు 220 దాటాక రెండు రకాల తలుపులూ బార్లా తెరిచే ఉంటాయి. పెళ్లిలో భోజనాల హాలు అరగంట ముందు తెరిస్తే పంక్తిలో జనం తగ్గుతారా? తగ్గలేదు.

తర్వాత తళతళలాడే అల్యూమినియం రేడియేటర్ వచ్చింది. దాని ఫొటోలు వాట్సాప్‌లో బంధువులందరికీ వెళ్లాయి. పిల్లాడు పుట్టినప్పుడు కూడా అన్ని పంపలేదు. ఆ తర్వాత పెద్ద వాటర్ పంపు. అప్పుడు ఒక స్నేహితుడు, 'నీళ్లు మరీ స్పీడుగా తిరుగుతున్నాయి బ్రదర్, చల్లబడే టైము దొరకట్లేదు' అన్నాడు. నీళ్లు ఎంత ఎక్కువ తిరిగితే అంత వేడి మోసుకెళ్తాయి. అయినా బావ వాటికి అడ్డంగా ఒక వాషర్ బిగించాడు. పంపుకి పెట్టిన డబ్బు ఆ వాషర్ దగ్గర ఆగిపోయింది.

వేడి కొలవడానికి ఒక ఇన్‌ఫ్రారెడ్ గన్ కూడా కొన్నాడు. పై హోస్‌కి పెట్టాడు, కింది హోస్‌కి పెట్టాడు, సాంబారు గిన్నెకి పెట్టాడు, చివరికి మా అక్క నుదుటికి కూడా పెట్టాడు. ఆ రోజు నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రత అక్కదే.

తెనాలి నుంచి వచ్చిన మా నాన్న ఇదంతా చూసి, "అల్లుడుగారూ, తిరుమల ఘాట్‌లో అంబాసిడర్ ఉడికితే మేం బానెట్ ఎత్తి, చెట్టు కింద కూర్చునేవాళ్లం. అరగంటకి అదే చల్లారేది" అన్నారు. బావ ఆయనకి ప్రెషర్ కుక్కర్ సూత్రం వివరించాడు. రేడియేటర్ మూత ఒక్కో పౌండు ప్రెషర్ పట్టి ఉంచిన కొద్దీ నీళ్లు మరిగే స్థానం మూడేసి డిగ్రీల ఫారెన్‌హీట్ పెరుగుతుందట. సగం కూలెంట్, సగం నీళ్లు పోసి 15 పౌండ్ల మూత పెడితే 265 దాకా మరగవట. నాన్న శ్రద్ధగా విని, "అంటే ముల్లు 230 చూపిస్తే ఉడికేది కారు కాదు, మీరన్నమాట" అన్నారు.

అసలు విషయం ఇదీ. ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ అని ఒక నల్లటి ప్లాస్టిక్ తొడుగుంటుంది. ఫ్యాన్ రెక్కలు దాదాపు సగం లోపల, సగం బయట ఉండేలా దాన్ని బిగిస్తారు. అది ఉంటే ఫ్యాన్ గాలిని రేడియేటర్ గుండా లాగుతుంది. లేకపోతే రెక్కల అంచుల దగ్గరున్న గాలినే తిప్పిన చోట తిప్పుతూ ఉంటుంది. నాలుగేళ్ల కిందట, కొత్తగా వేయించిన క్రోమ్ పుల్లీలు కనపడటం లేదని బావ దాన్ని పీకేశాడు. ప్రస్తుతం అది పెరట్లో, గాలికి పడిపోకుండా కరివేపాకు కుండీ చుట్టూ ఉంది. కుండీ సరిగ్గా దాని బెజ్జంలో పట్టింది. కొలిచి చేసినట్టుంది.

ఇది నేను కనిపెట్టి నెల దాటింది. అయినా చెప్పలేదు, కారణాలున్నాయి. ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోందే ఎవరూ ఎవరింటికీ రాని ఊరిది. అలాంటి చోట ప్రతి శనివారం ఆరుగురు మగాళ్లు పిలవకుండా వచ్చి, తెరిచిన బానెట్ చుట్టూ చేతులు కట్టుకుని నిలబడుతున్నారు. అందులో ఒకాయన డెంటిస్టు, ఇంకొకాయన ఇన్‌కమ్ టాక్స్ కన్సల్టెంటు. మన ఊళ్లో రచ్చబండ కూడా ఇంత క్రమశిక్షణగా నడవలేదు. ఆ కారు చల్లబడితే వాళ్లంతా ఎక్కడికి వెళ్లాలి? ప్రభుత్వం వాళ్లకి ఏదైనా ప్రత్యామ్నాయం చూపించిందా?

అయినా మొన్న శనివారం మనసాగక, కరివేపాకు కోస్తున్న అక్క దగ్గరికి వెళ్లి ఆ నల్ల తొడుగు వైపు చూపించాను. అక్క వెనక్కి తిరగలేదు.

"తెలుసులేరా. నేనే పెట్టా."

"బావకి చెప్పలేదా?"

"చెప్తే మళ్లీ శనివారం పొద్దున్నే వంటింట్లోకొచ్చి, డబ్బాలన్నీ దించి, పప్పులు ఆల్ఫాబెటికల్ ఆర్డర్లో సర్దుతాడు" అని రెండు రెమ్మలు తుంచి నా చేతిలో పెట్టింది. "నువ్వు నోరు జారావంటే ఇవి కూడా ఉండవు."

గరాజ్‌లోకి వెళ్లేసరికి డెంటిస్టు గారు హోస్ పైపు నొక్కి చూస్తున్నారు. "బామ్మర్దీ, నువ్వేమంటావ్?" అన్నాడు బావ. ఇంకా పెద్ద రేడియేటర్ వేద్దాం బావా అన్నాను.