207వ నంబరు గది గీజరుగారికి

మహారాజశ్రీ గీజరుగారి దివ్యసముఖానికి, అన్నవరం కొండ దిగువన ఒక హోటల్లో ఒక రాత్రి తమరి కొలువులో గడిపిన అతిథి చేసుకొనే విన్నపం. ఉభయకుశలోపరి.

ఆ రాత్రి పెళ్లికొడుకు ముఖం కన్నా తమరి ముఖమే ఎక్కువసేపు చూశాను కనుక, నేను వచ్చింది నా చిన్ననాటి స్నేహితుడి పెళ్లికేనని ముందుగా గుర్తు చేయవలసి వస్తోంది. కార్తికమాసం కావడంతో, సత్యనారాయణస్వామి వ్రతాలకు వచ్చినవారితో రత్నగిరి మీది సత్రాలన్నీ నిండిపోయాయి. పెళ్లివారిని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక, కింద రోజుకు 2,400 రూపాయల అద్దెకు నేనే ఒక గది తీసుకున్నాను. 7,500 రూపాయల లోపు గదుల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. తగ్గించవలసినవి ఇంకేమైనా ఉన్నాయా అని హోటలువారు వెతికి, చివరికి నీటి వేడి దగ్గర ఆగారని నా అనుమానం.

సాయంత్రం ఎదుర్కోలుకు వెళ్తూ, తిరిగి వచ్చేసరికి నీళ్లు కాగి ఉంటాయని తమరి మీట నొక్కి తలుపు వేశాను. గది తాళపు కార్డును గోడలోని గూటి నుంచి తీస్తే గదిలో కరెంటంతా పోతుందని, అందులో తమరి కరెంటు కూడా కలిసే ఉంటుందని నాకు తట్టలేదు. అంటే అతిథి గదిలో కూర్చుని కాపలా కాస్తే తప్ప తమరు పనిచేయరన్నమాట. ఇలాంటి ఉద్యోగులను నేను మా కార్యాలయంలో చూశాను గాని, వారిని గోడకు బిగించరు. రాత్రి తిరిగి వచ్చాక, ఆ గూటికి ఏ కార్డైనా ఒకటేనని కనిపెట్టి, మా ఊరి గ్రంథాలయం సభ్యత్వ కార్డును అందులో పెట్టాను. ఆ కార్డు నాకు పదేళ్ల తర్వాత ఉపయోగపడింది అప్పుడే.

ముహూర్తం తెల్లవారుజామున 4.26కి. మూడింటికి లేచి మీట నొక్కగానే తమరి నుదుట ఎర్రదీపం వెలిగింది. తమరి ఒంటి మీద అంటించిన చీటీలో 15 లీటర్లు, 2,000 వాట్లు అని రాసి ఉంది. నిద్ర పట్టనివాడు లెక్కలు వేసుకుంటాడు. 25 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు తేవడానికి ఆ శక్తికి 18 నిమిషాలు చాలు. నలభై నిమిషాలు గడిచినా కుళాయిలో పడింది బావినీరే. ఎర్రదీపం మాత్రం నిష్ఠగా వెలుగుతూనే ఉంది. కరెంటు తమరి దాకా వస్తున్నదని చెప్పడమే ఆ దీపం పని, వచ్చిన కరెంటుతో తమరేం చేస్తున్నారన్నది దానికి పట్టదు. లోపలి కాయిల్ మీద ఉప్పునీటి సున్నం ఎన్ని పొరలుగా పేరుకుపోయిందో, అసలు కాయిల్ ఉన్నదో లేదో తమరికే తెలియాలి.

తమరి పేరు ఐస్‌లాండ్‌లోని గేసిర్ అనే వేడినీటి బుగ్గ నుంచి వచ్చింది. దాని పొరుగునే ఉన్న స్ట్రోక్కుర్ కొద్ది నిమిషాలకొకసారి మరిగే నీటిని ఆకాశానికి చిమ్ముతూ యాత్రికుల ముందు పరువు నిలుపుతుంది. పేరు పెట్టిన గేసిర్ మాత్రం ఏళ్ల తరబడి మిన్నకుంటుంది. వంశాచారం తప్పలేదని ఆ సంగతిలో తమరిని అభినందిస్తున్నాను.

కింద కౌంటరుకు ఫోను చేస్తే ఒక యువకుడు నిద్రగొంతుతో, "పది నిమిషాలు ఆగండి సార్, వస్తాయి" అన్నాడు. రెండోసారి చేస్తే, "ఎడమవైపు తిప్పారా సార్?" అని అడిగాడు. మూడోసారికి అతనికి శాస్త్రం గుర్తుకొచ్చింది: "కార్తికమాసం కదండీ, చన్నీళ్ల స్నానమే పుణ్యం." నిజమే. కాని పుణ్యానికి వేరుగా అద్దె కట్టించుకోవడం దేవస్థానంలో కూడా చూడలేదు.

చివరికి తువ్వాలు భుజాన వేసుకుని కల్యాణమండపం వెనక్కి పరుగెత్తాను. అక్కడ గాడిపొయ్యి మీద పెద్ద గుండిగలో నీళ్లు తెర్లుతున్నాయి. గాడిపొయ్యికి మీట లేదు, ఎర్రదీపం లేదు, నాలుగు కట్టెలు ఎగదోస్తే చాలు. వంటాయన నన్ను ఎగాదిగా చూసి, "మగపెళ్లివారా, ఆడపెళ్లివారా?" అని అడిగాడు. మగపెళ్లివారమన్నాను. ఒక బిందెడు ఇచ్చి, "కాఫీకి మిగల్చండి బాబూ" అన్నాడు. నేను స్నానం చేసి, బట్టలు మార్చుకుని మండపంలో అడుగు పెట్టేసరికి జీలకర్ర, బెల్లం పెట్టేశారు, తలంబ్రాల పళ్లేలు తెస్తున్నారు. పెళ్లికొడుకు కళ్లతోనే, "ఎక్కడ చచ్చావురా?" అన్నాడు. తమరి పేరు చెప్పి పెళ్లిపీటల మీద అతన్ని నవ్వించడం మర్యాద కాదని ఊరుకున్నాను.

కొండ మీద దర్శనం చేసుకుని, విస్తరాకు పొట్లంలోని ప్రసాదం తింటూ గదికి వచ్చేసరికి పదిన్నర. పదకొండుకు ఖాళీ చేయాలి, దాటితే సగం రోజు అద్దె. చేతులు కడుక్కుందామని కుళాయి విప్పితే బుస్సుమని ఆవిరి, దాని వెంట ధారగా మరుగునీరు. ఆ నీటితో వేళ్లకంటిన ప్రసాదపు నేయి కడుక్కుని, గ్రంథాలయం కార్డు జేబులో వేసుకుని, గది ఖాళీ చేశాను.

ఇట్లు,
తమరి ఎర్రదీపానికి నమస్కరించిన
207వ గది అతిథి