కూల్చాక పెట్టే ఫోటోలకు లైకులు బాగానే వస్తాయి

ఎక్కడైనా ఒక పాత భవనం నేలమట్టమైందంటే చాలు, ఆ సాయంత్రానికి ఫోన్ నిండా దాని ఫోటోలే. చెక్క స్తంభాలు, వంపు కిటికీలు, మెట్ల మీద పడుతున్న ఎండ. కింద వరసగా "అయ్యో", "ఎంత బాగుండేదో", "మనకు చరిత్ర విలువ తెలిసి ఏడిస్తేగా". నేనూ ఒకసారి అలాంటి పోస్టు పెట్టాను. స్పందన బాగా వచ్చింది. సిగ్గుపడాల్సిన సంగతి ఏంటంటే, ఆ కూల్చివేతకు ముందు అభ్యంతరాలుంటే చెప్పమని నోటీసు అంటించారట. నేను చూడలేదు. చూసినా చదివేవాణ్ణి కాదు. నోటీసులు ఎవరు చదువుతారండీ?

ఇద్దరు చదువుతారు. స్థలం కొన్నాయన, ఆయన లాయరు.

చిన్న పట్టణాల పాత రూపాన్ని కాపాడాలన్న మన ఉత్సాహమంతా గోడల దగ్గరే ఆగిపోతోందన్నది నా గొడవ. గోడ కింద నేల ఎవరి పేరు మీద ఉంది, దాని మీద ఏం కట్టుకోవచ్చని ఊరి ప్లాన్‌లో రాసి ఉంది, పక్క స్థలంతో కలిపేయొచ్చా లేదా, ఇవేవీ మనకు పట్టవు. ఊరు చేజారిపోయేది మాత్రం అక్కడే. బుల్‌డోజర్ అన్నిటికన్నా ఆఖర్న వచ్చే బండి.

ఒక పాత వీధిని ఊహించుకోండి. దాని అందం ఎందులో ఉందో ఎప్పుడైనా గమనించారా? చాలామంది చెక్కడాల్లో అంటారు. నన్నడిగితే స్థలాల కొలతల్లో ఉంది. పాత వీధుల్లో ఇళ్లకు చాలావరకు ముఖం వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. పది ఇళ్లుంటే పది గుమ్మాలు, పది రకాల తలుపులు. నడుస్తుంటే నాలుగడుగులకోసారి కంటికి ఏదో ఒకటి మారుతూ ఉంటుంది. ఇప్పుడు నాలుగు ఇళ్లు ఒకే మనిషి కొని కలిపేశాడనుకుందాం. ఎత్తు నిబంధన పాటించాడు, పాత రంగే వేశాడు, పైన పెంకులు కూడా పరిచాడు. కాగితం మీద తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ నాలుగు గుమ్మాలున్న చోట ఒక పొడవాటి గోడ, ఒక పెద్ద గేటు, పక్కన ఏసీ పెట్టెలు. వీధి ఊపిరి అక్కడితో ఆగిపోయింది. ఏ శిల్పమూ విరగలేదు, చెరిగిపోయింది హద్దు గీత మాత్రమే.

ఊరి అంచు సంగతీ అంతే. ఇళ్లు ఆగి పొలాలు మొదలయ్యే చోటొకటి ఉంటుంది కదా, దూరం నుంచి వచ్చేవాళ్లకు ఊరు ఊరిలా కనిపించేది ఆ గీత వల్లే. అది చెరిగిందంటే మధ్యలో ఎంత గొప్ప కట్టడం మిగిలినా అది సినిమా సెట్టే.

ఈ విషయం నాకు బాగా అర్థమైంది జపాన్‌లోని త్సుమాగో గురించి తెలుసుకున్నప్పుడు. టోక్యోను ఎడో అని పిలిచిన కాలంలో అక్కడి నుంచి క్యోటోకు కొండల మీదుగా వెళ్లే నకసెండో దారిలో 69 మజిలీలు ఉండేవి. అందులో 42వది ఇది. రైలు మార్గం వేరే వైపు నుంచి పోయింది. బాటసారులు లేని మజిలీ ఏమవుతుంది? ఊరు ఎండిపోయింది. డబ్బు లేదు కాబట్టి ఎవరూ కొత్త ఇళ్లు కట్టలేదు, ఆ పేదరికమే పాత ఇళ్లను కాపాడింది. (పాతవి మిగిలిన చాలా ఊళ్లలో ఇదే కథ. మనం ముచ్చటపడి ఫోటోలు తీసుకునేది ఒకప్పటి వాళ్ల లేమిని.) 1960ల చివర్లో ఇళ్లను బాగు చేసుకోవడం మొదలుపెట్టారు. 1971లో ఊరివాళ్లు కూర్చుని మూడు మాటల ఒడంబడిక రాసుకున్నారు: అమ్మం, అద్దెకివ్వం, కూల్చం.

ఆ వరస చూడండి. కూల్చం అన్నది మూడోది. మొదటి రెండూ చేతులు మారడం గురించే. ఇల్లు బయటివాళ్ల చేతికి వెళ్లాక కూల్చొద్దని బతిమాలుకోవడం ఎంత దండగో వాళ్లకు ముందే తెలుసు. జపాన్ ప్రభుత్వం పాత వీధుల సంరక్షణకు చట్టాన్ని సవరించింది 1975లో, త్సుమాగోను ఆ జాబితాలో చేర్చింది 1976లో. అంటే ఊరు ముందు నడిచింది, చట్టం వెనకాల వచ్చింది. పగటిపూట ప్రధాన వీధిలోకి కార్లు రానివ్వరు, కరెంటు తీగలు కనపడకుండా పెట్టారు. ఇవన్నీ తర్వాతి ముచ్చట్లు. అన్నిటికీ ఆధారం ఆ మొదటి మాటే.

అలాగని ఆ ఒడంబడికను ఎక్కడపడితే అక్కడ అతికించలేం. అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అంటే ఒంటరి ముసలావిడ పెద్ద ఇంటిని ఏం చేసుకోవాలి? ఆస్పత్రి ఖర్చుకు ఏం తాకట్టు పెట్టాలి? మన ముచ్చట కోసం ఆమె ఆస్తిని స్తంభింపజేయమనే హక్కు మనకెక్కడిది? దీనికి సమాధానం చెప్పలేని పరిరక్షణ ఉద్యమం ఏదైనా ఆ ఊళ్లోనే శత్రువులను తయారుచేసుకుంటుంది, చేసుకోవాలి కూడా.

దీనికి కొన్నిచోట్ల తెలివైన దారులు వెతికారు. భూమి మీద హక్కు ఒకే ముద్ద కాదు, విడదీయొచ్చు. దున్నే హక్కు వేరు, అమ్మే హక్కు వేరు, కట్టే హక్కు వేరు. అమెరికాలో రైతు ఆ కట్టే హక్కును మాత్రం శాశ్వతంగా వదులుకుంటూ ఒక ల్యాండ్ ట్రస్టుకో (నేలను కాపాడే సంస్థ) ప్రభుత్వానికో రాసిస్తాడు. బదులుగా డబ్బో, పన్ను రాయితీయో వస్తుంది. దీన్ని కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అంటారు. పొలం ఆయనదే. సాగు చేసుకోవచ్చు, పిల్లలకివ్వొచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ షరతు నేలతో పాటే పోతుంది, కొన్నవాడూ అందులో కాలనీ వేయలేడు. ఇంగ్లండ్‌లో 1895లో ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్, హార్డ్‌విక్ రాన్‌స్లీ కలిసి పెట్టిన నేషనల్ ట్రస్ట్ ఇంకో దారి పట్టింది: నేలను తన చేతిలోకే తీసుకుంది. 1907లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం, ట్రస్టు ఒక ఆస్తిని అన్యాక్రాంతం కానిదిగా ప్రకటిస్తే దాన్ని ఇక ట్రస్టు కూడా అమ్ముకోలేదు. నాకు నచ్చింది ఈ ముక్క. రేపు మన వారసుల్లోనే ఎవరికో బుద్ధి మారొచ్చని ముందే ఊహించి, తమ చేతులకు తామే సంకెళ్లు వేసుకున్నారు.

ఇక ఈ కథలో చేదు భాగం. అమెరికాలోని చార్ల్స్‌టన్‌కు పరిరక్షణ చరిత్రలో పెద్ద పేరు. సూసన్ ప్రింగిల్ ఫ్రాస్ట్ అనే ఆవిడ చొరవతో 1920లోనే పాత ఇళ్ల కోసం సంఘం పెట్టారు. 1931లో పాత పట్టణ భాగాన్ని జోనింగ్ చట్టంతో (ఏ పేటలో ఏం కట్టొచ్చో నిర్ణయించే చట్టం) కాపాడింది ఆ దేశంలో ఈ ఊరే మొదట. 1959 నుంచి అక్కడ ఒక ఫౌండేషన్ ఆన్సన్‌బరో అనే పేటలో శిథిలమవుతున్న ఇళ్లు కొనడం, షరతులు తగిలించి అమ్మడం, ఆ డబ్బుతో ఇంకో ఇల్లు కొనడం మొదలుపెట్టింది. పద్ధతి భలే పనిచేసింది, ఇళ్లు నిలబడ్డాయి. అందులో అద్దెకుంటున్న పేద నల్లజాతి కుటుంబాలు మాత్రం నిలబడలేదు. పేట బాగుపడింది, పేటవాళ్లు ఖాళీ చేశారు. దీన్ని విజయం అనాలా?

ఇటలీలో బొలోన్యా 1970ల్లో ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొంది. పాత నగరం నడిబొడ్డున శిథిలమైన ఇళ్లను ప్రభుత్వ గృహనిర్మాణ నిధులతోనే బాగు చేయించింది. కట్టడాన్నీ అందులో ఉన్న మనిషినీ కలిపి కాపాడాలన్నది వాళ్ల పట్టు. అనుకున్నదంతా జరగలేదు, అది వేరే సంగతి. ప్రశ్నను సరిగ్గా అడిగారు.

మన హెరిటేజ్ ప్రేమికుల్లో కొందరికి ఈ ప్రశ్నే ఇబ్బంది. కురుస్తున్న కప్పు కింద బతికేవాడు రేకు వేసుకుంటే "రూపం పాడైపోయింది" అని అరుస్తారు. పెంకులు నేయించడానికి చందా అడగండి, ఒక్కరూ పలకరు.

పెంకు అంటే గుర్తొచ్చింది. పాత ఇంటిని చంపడానికి సుత్తి అక్కర్లేదు. పైన ఒక్క పెంకు పగిలితే వదిలేయండి చాలు. మొదటి వానకు వాసం తడుస్తుంది. రెండో ఏడు దూలం చివర, గోడలో దిగిన చోట, మెత్తబడుతుంది. వేలితో నొక్కితే పొట్టులా రాలుతుంది. ఇంకొన్నేళ్లకు కప్పు ఒకవైపు కుంగుతుంది, అప్పుడు ఇంజినీరు వచ్చి "శిథిలావస్థ, ప్రజలకు ప్రమాదం" అని సర్టిఫికెట్ రాస్తాడు. కూల్చడానికి పర్మిషన్ దానంతటదే వస్తుంది. ఎవరూ ఏ తప్పూ చేయలేదు, వాన కురిసింది అంతే! మరమ్మతు చేయకపోవడాన్ని కూడా ఉల్లంఘనగా లెక్కించే నిబంధన లేని చోట పరిరక్షణ చట్టం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మంచి మనసుతో చేసే హానీ ఉంది. పాత సున్నపు గోడకు బలం అనుకుని సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తారు. సున్నం చెమ్మను బయటికి పోనిస్తుంది, సిమెంటు అంతగా పోనివ్వదు. లోపల చిక్కుకున్న నీరు ఉప్పును మోసుకొచ్చి ఇటుక ముఖం దగ్గర గడ్డకడుతుంది, ఇటుక పొరలు పొరలుగా ఊడుతుంది. పైకి గోడ నున్నగా మెరుస్తుంటే లోపల పిండైపోతుంటుంది.

"అభివృద్ధి వద్దా మరి, పన్నులెక్కడి నుంచి వస్తాయి" అనేవాళ్లకు ఒక్క మాట. కొత్త ఇళ్లు పన్నుతో పాటు నీళ్లు, డ్రైనేజీ, రోడ్డు, బడి కూడా అడుగుతాయి. సాగుభూములను కాపాడే అమెరికన్ ఫార్మ్‌ల్యాండ్ ట్రస్ట్ అనే సంస్థ ఈ లెక్కలు ఎన్నో చోట్ల తీయించింది. మొత్తం మీద తేలింది ఏంటంటే, ఇళ్లు తాము చెల్లించే పన్నుకన్నా ఎక్కువ సేవలు తీసుకుంటాయి, పొలాలు తాము తీసుకునే సేవలకన్నా ఎక్కువ పన్ను చెల్లిస్తాయి. పొలానికి వీధి దీపం అక్కర్లేదు కదా.

అన్నిటికన్నా నాకు సబబుగా అనిపించింది అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2000లో చేసిన చట్టం. ఊరివాళ్లు ఓటేసి ఒప్పుకుంటే తమ ఆస్తి పన్ను మీద 3 శాతం దాకా అదనంగా వేసుకోవచ్చు, రాష్ట్రం కూడా కొంత కలుపుతుంది. ఆ నిధిలో ఏటా కనీసం పది శాతం ఖాళీ నేలకు, పది శాతం పాత కట్టడాలకు, పది శాతం అందుబాటు ధరల ఇళ్లకు. మూడూ ఒకే ఖాతాలో. అక్కడి 351 పట్టణాల్లో సగానికి పైగా తమ మీద తామే ఈ పన్ను వేసుకున్నాయి. ఊరంటే ప్రేమ అని నేను నమ్మేది ఇలాంటి ఓటునే.

ఈమధ్య నేను నోటీసులు చదువుతున్నాను. పరమ బోరు. మొన్న ఒక ముసాయిదా ప్లాన్‌లో సర్వే నంబర్ల పట్టిక మధ్యలో ఒకచోట "వ్యవసాయం" ఉండాల్సిన గడిలో "నివాసం" అని ఉంది. వెళ్లి చూశాను. ఫోటో తీయడానికి అక్కడ ఏమీ లేదు, ఖాళీ నేల, నాలుగు చెట్లు. అభ్యంతరం రాసి ఇచ్చాను. గడువు అయిపోయాక అడిగితే మొత్తం మూడు వచ్చాయన్నారు.