పట్టా వచ్చింది, అప్పు పుట్టలేదు

పేద కుటుంబం చేతికి పట్టా ఇస్తే చాలు, బ్యాంకు తలుపు దానంతట అదే తెరుచుకుంటుందన్న నమ్మకం పాతికేళ్లకు పైగా ఎన్నో ప్రభుత్వాల గృహ విధానాలను నడిపించింది. పెరూ ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో ఈ వాదానికి ప్రపంచమంతటా పేరు తెచ్చారు. పేదలకు ఇళ్లున్నాయి, కానీ కాగితం లేనందువల్ల ఆ ఆస్తి నిర్జీవంగా పడి ఉంది, కాగితం ఇస్తే దాన్ని తనఖా పెట్టి బతుకు బాగుచేసుకుంటారని ఆయన వాదించారు. 1996 తర్వాత కొన్నేళ్లలోనే పెరూ ప్రభుత్వం పట్టణ పేదలకు దాదాపు 12 లక్షల పట్టాలు ఇచ్చింది. ప్రైవేటు బ్యాంకులు మాత్రం ఆ గడపలు పెద్దగా తొక్కలేదు.

అంతమాత్రాన పట్టా వృథా అనుకుంటే అంతకంటే పెద్ద పొరపాటు. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్ శివార్లలో 1981లో దాదాపు 1,800 కుటుంబాలు ఖాళీ స్థలాల్లో గుడిసెలు వేసుకున్నాయి. 1984లో ప్రభుత్వం ఆ భూమిని స్వాధీనం చేసుకుని వారికే ఇవ్వాలని చట్టం చేసింది. కొందరు యజమానులు పరిహారం తీసుకుని తప్పుకున్నారు, మిగిలినవారు కోర్టుకెక్కారు. అలా పక్కపక్కనే ఉన్న ఒకేలాంటి కుటుంబాల్లో కొన్నింటికి హక్కు దక్కింది, కొన్నింటికి దక్కలేదు. ఏళ్ల తర్వాత ఆర్థికవేత్తలు సెబాస్టియన్ గాలియాని, ఎర్నెస్టో షార్గ్రోడ్‌స్కీ ఈ రెండు వర్గాలనూ పోల్చి చూశారు. హక్కు దక్కినవారి గోడలు, పైకప్పులు మెరుగయ్యాయి, పిల్లలు ఎక్కువ చదివారు. అప్పు దొరకడంలో మాత్రం తేడా స్వల్పమే. రేపు ఎవరూ ఖాళీ చేయించరన్న ధీమా వారి చేత సొంత కష్టార్జితాన్నే ఇంటి మీద పెట్టించింది.

బ్యాంకులు ఎందుకు రావో ఊహించడం కష్టం కాదు. అప్పు చిన్నదైనా పెద్దదైనా దస్తావేజుల పరిశీలనకు, విలువ కట్టడానికి అయ్యే ఖర్చు దాదాపు ఒకటే. బాకీ పడితే ఇల్లు వేలం వేయడమూ తేలిక కాదు. ఇక ఆ కుటుంబం సంగతి చూడండి. తలదాచుకునే ఒకే ఒక్క గూడును తాకట్టు పెట్టమంటే ఎవరు ముందుకొస్తారు? ఇంట్లో ఒకరు మంచాన పడిన నెలలో వాయిదా తప్పుతుంది, రెండు మూడు వాయిదాలు తప్పితే ఇల్లే పోతుంది. ఈ వెనుకంజను అవగాహనా లోపమని రాసే నివేదికలు చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అది నిక్కచ్చిగా వేసుకున్న లెక్క.

తక్కువ ఆదాయంవారు ఇల్లు ఒక్కసారిగా కట్టరు. ఒక ఏడాది పునాది, ఇంకో ఏడాది గోడలు, చేతిలో డబ్బు ఆడినప్పుడు పైకప్పు, కూతురి పెళ్లయ్యాకో కొడుకు సంపాదన మొదలయ్యాకో ఇంకో గది. ఇరవై ఏళ్ల గృహరుణం ఈ నడకకు ఏ మాత్రం సరిపోదు. వారికి కావలసింది ఇల్లు తాకట్టు అడగని చిన్న అప్పు. రెండు మూడేళ్లలో తీరిపోవాలి, తీరగానే తర్వాతి గదికి మళ్లీ దొరకాలి. దానితోపాటు, పై అంతస్తును మోయగల పునాది ఎలా వేయాలో చెప్పే మేస్త్రీ సలహా కూడా. చిలీలోని ఇక్విక్ పట్టణంలో వాస్తుశిల్పి అలెహాండ్రో అరవేనా బృందం సరిగ్గా ఈ నడకనే నమ్ముకుంది. స్థలంతో కలిపి కుటుంబానికి 7,500 డాలర్ల ప్రభుత్వ రాయితీతో పూర్తి ఇల్లు సాధ్యం కాదు. అందుకని వంటగది, స్నానాల గది, మెట్లు వంటి కష్టమైన సగాన్ని గట్టిగా కట్టి, మిగతా సగానికి చోటు వదిలారు. కుటుంబాలు దాన్ని తమ వీలును బట్టి నింపుకున్నాయి. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన విషయం, వారిని ఊరి చివరకు తరలించకుండా నడిబొడ్డున ముప్పై ఏళ్లుగా ఉంటున్న స్థలంలోనే ఉంచడం. చౌక భూమి కోసం దూరంగా కట్టిన కాలనీలో ఇల్లు మిగులుతుంది, పని పోతుంది.

థాయిలాండ్ 2003లో మొదలుపెట్టిన బాన్ మన్‌కాంగ్ అనే పేదల గృహ పథకం మరో దారి పట్టింది. అక్కడ అప్పు సహకార సంఘానికి ఇస్తారు. సంఘం ముందు పొదుపు చేసి చూపాలి, తర్వాత భూమిని ఉమ్మడిగా కొనడమో దీర్ఘకాలిక లీజుకు తీసుకోవడమో చేస్తుంది. ఒకరు వాయిదా కట్టలేని నెలలో మిగిలినవారు కాచుకోవచ్చు. భూమి ధర పెరిగినప్పుడు ఒంటరి కుటుంబం మీద పడే అమ్మకపు ఒత్తిడీ ఇక్కడ తక్కువ. వాయిదాలు తప్పే సంఘాలూ ఉంటాయి, అయినా ఒంటరి పట్టా కంటే ఇదే మేలని నేను నమ్ముతాను.

ఇక పట్టా ఎవరి పేరిట అన్న ప్రశ్న. రువాండా 2009 నుంచి కొద్ది ఏళ్లలోనే కోటికి పైగా కమతాలను నమోదు చేసింది, భార్యాభర్తలిద్దరి పేర్లూ రాసింది. అయితే చట్టబద్ధంగా నమోదైన పెళ్లి ఉన్న స్త్రీలకు మేలు జరిగితే, అలాంటి నమోదు లేని స్త్రీల హక్కు మునుపటికన్నా బలహీనపడిందని నమోదు తొలుత జరిగిన ప్రాంతాల్లో చేసిన అధ్యయనం తేల్చింది. ఒక్క పెళ్లి కాగితం లేనందుకు ఇంటి హక్కు పోవడం ఘోరం. కలిసి బతుకుతున్నారన్న ఇరుగుపొరుగు సాక్ష్యం అందుకు చాలాలి.

ఇచ్చిన పట్టా నిలవడం ఇంకో సమస్య. బ్యూనస్ ఐరిస్‌లోని ఆ బస్తీలోనే యజమాని చనిపోయినప్పుడో ఇల్లు అమ్మినప్పుడో పేరు మార్పించుకునే ఖర్చు భరించలేక చాలా ఇళ్లు మళ్లీ లెక్కల్లో లేనివయ్యాయి. పట్టాల పంపిణీకి బడ్జెట్‌లో పద్దు రాసే ప్రభుత్వాలు, తరం మారినప్పుడు పేరు మార్చే ఖర్చుకూ అదే రోజున పద్దు రాయాలి.