‘ఆ రోజుల్లో అంతే’ అంటే సరిపోతుందా?

వర్జీనియాలో ఉండే మనవాళ్లు, ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే వైట్‌హౌస్, లింకన్ మెమోరియల్ చూపించి, మర్నాడు మౌంట్ వెర్నన్‌కి తీసుకెళ్తారు. పొటోమాక్ నది ఒడ్డున జార్జ్ వాషింగ్టన్ ఇల్లు. పెద్ద భవంతి, పచ్చిక, వంటిల్లు, గుర్రపుశాల, వాటితోపాటు బానిసలు పడుకున్న గదులు. అక్కడికి వచ్చేసరికి ఎవరో ఒకరు ‘ఆ రోజుల్లో అంతే కదండీ’ అంటారు, ఫొటో దిగి ముందుకెళ్తారు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 2026 జులై 4తో 250 ఏళ్లు. అందుకని ఆ మాట ఇంకా ఎక్కువగా వినిపిస్తుంది. మాకు దాని మీదే పేచీ.

ఆ మాటకి అర్థం ఏమిటి? బానిసత్వం తప్పని అప్పటివాళ్లకి తోచలేదు, పాపం, తెలియక చేశారు అని. కానీ వాళ్లు వదిలిపోయిన కాగితాలు అలా చెప్పడం లేదు. 1688లోనే ఫిలడెల్ఫియా పక్కన జర్మన్‌టౌన్‌లో క్వేకర్ అనే క్రైస్తవ సమాజానికి చెందిన నలుగురు, ఎవరైనా మనల్ని ఇలా పట్టుకుని అమ్మితే మనకి సమ్మతమేనా అని రాసి సంతకాలు పెట్టారు. స్వాతంత్ర్య ప్రకటనకు 88 ఏళ్ల ముందు! వాళ్ల సమాజం పెద్దలు ఆ కాగితాన్ని పక్కన పడేశారు, అది వేరే సంగతి. అసలు ‘అప్పట్లో అందరూ’ అన్నప్పుడు ఆ అందరిలో బానిసలు ఎందుకు ఉండరు? వాళ్లు బతికిందీ ఆ కాలంలోనే కదా.

వర్జీనియా చట్టాలు వరసగా చదివితే సంగతి బయటపడుతుంది. 1619 జులై 30న జేమ్స్‌టౌన్‌లో, వలస వచ్చినవాళ్లు ఎన్నుకున్న సభ మొదటిసారి కూర్చుంది. ఆగస్టు చివర్లో అదే వర్జీనియా తీరానికి, అంగోలా నుంచి ఎత్తుకొచ్చిన 20 మందికి పైగా ఆఫ్రికన్లతో ఓ ఓడ వచ్చింది. ఓడవాళ్లు తిండి సామాన్లు తీసుకుని వాళ్లని ఇచ్చేశారు. అప్పటికి అక్కడ బానిసత్వం గురించి చట్టమంటూ ఏదీ లేదు. 1640లో ముగ్గురు నౌకర్లు యజమాని దగ్గర్నుంచి పారిపోయి దొరికారు. ఇద్దరు యూరప్‌వాళ్లు, మూడోవాడు జాన్ పంచ్ అనే నల్లవాడు. చేసిన నేరం ఒకటే. ఆ ఇద్దరికీ అదనంగా నాలుగేళ్ల చాకిరీ వేసి, జాన్ పంచ్‌కి మాత్రం బతికినన్నాళ్లూ చాకిరీ వేశారు.

ఆ తర్వాత 1656లో ఎలిజబెత్ కీ అనే ఆవిడ కోర్టుకెక్కింది. తల్లి ఆఫ్రికన్, తండ్రి ఇంగ్లీషువాడు. నా తండ్రి స్వేచ్ఛ ఉన్న మనిషి, నేను బాప్తిస్మం తీసుకున్న క్రైస్తవురాలిని, నన్ను బానిసగా ఎలా ఉంచుతారు అని అడిగి గెలిచింది కూడా. గెలిచింది సరే, ఆమె వెనకాల ఇంకొకరు అదే దారిలో రాకుండా ఏం చేశారో చూడండి. 1662లో, బిడ్డకి తల్లి స్థితే వర్తిస్తుందని చట్టం పెట్టారు. ఇంగ్లండులో తండ్రిని బట్టి చూసేవాళ్లు, ఇక్కడ దాన్ని తిరగేశారు. దాంతో యజమానికి తన బానిస స్త్రీ వల్ల పుట్టిన బిడ్డ కూడా ఆయన ఆస్తి లెక్కలోకే పోతాడు. 1667లో, బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన విడుదల లేదన్నారు. 1669లో, శిక్షిస్తుండగా బానిస చచ్చిపోతే అది పెద్ద నేరం కింద రాదన్నారు, ఎందుకంటే ఎవడూ తన ఆస్తిని కావాలని పాడు చేసుకోడు కదా అట. జనానికి మామూలుగా తోచిన పద్ధతే అయితే, ఒకామె కోర్టులో గెలవగానే ఇన్ని కన్నాలు పూడ్చుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది?

‘స్వేచ్ఛ ఇవ్వండి, లేదంటే చావు ఇవ్వండి’ అని 1775లో గర్జించాడని చెప్పుకునే వర్జీనియా నాయకుడు పాట్రిక్ హెన్రీ, అంతకు రెండేళ్ల ముందు ఓ క్వేకర్‌కి ఉత్తరం రాశాడు. నేనే డబ్బు పెట్టి కొన్న బానిసలు నా దగ్గర ఉన్నారంటే ఎవరైనా నమ్ముతారా, వాళ్లు లేకుండా ఇక్కడ బతకడం ఇబ్బంది కాబట్టి ఇలా సాగిపోతోంది, దీన్ని నేను సమర్థించుకోను, సమర్థించుకోలేను అని అందులో ఒప్పేసుకున్నాడు. ఇబ్బంది అట! కాస్త నిజం చెప్పాడు కాబట్టి ఆయన మీద మాకు కోపం కొంచెం తక్కువ.

స్వాతంత్ర్య ప్రకటన రాసిన జెఫర్సన్ సంగతి ఇంకా చిక్కు. 1776లో ఫిలడెల్ఫియాలో అద్దె గదుల్లో కూర్చుని మనుషులంతా సమానంగా పుట్టారని ఆయన రాస్తుంటే, పక్కన పనులు చేసిపెట్టింది రాబర్ట్ హెమింగ్స్ అనే 14 ఏళ్ల బానిస కుర్రాడు. చాలామంది చరిత్రకారులు ఒప్పుకునేదాన్ని బట్టి ఆ కుర్రాడు జెఫర్సన్ భార్యకి తమ్ముడు, తండ్రి ఒకరే, తల్లులు వేరు. అంటే మన వరసల్లో బావమరిది. 1662 చట్టం ఇంట్లోకి వస్తే ఇలా ఉంటుంది. చిత్తుప్రతిలో జెఫర్సన్ బానిసల వ్యాపారాన్ని తిడుతూ ఓ పేరా రాసి, ఆ నిందంతా బ్రిటన్ రాజు మూడో జార్జ్ మీద వేశాడు. వలసల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్ దాన్ని కొట్టేసింది.

1787 రాజ్యాంగంలో ‘బానిస’ అనే మాటే కనిపించదు. ‘మిగతా వ్యక్తులు’ అని రాసి, ఆ మిగతా వ్యక్తులు ఐదుగురిని ప్రతినిధుల సభ సీట్ల లెక్కలో ముగ్గురుగా కట్టారు. ఓటు వాళ్లకి లేదు, వాళ్ల తలకాయల వల్ల వచ్చిన బలం యజమానులది. మనుషులు ఆస్తి కాగలరనే భావనను రాజ్యాంగంలోకి రానివ్వడం తప్పని, ఆ రాజ్యాంగ రచనలో ముఖ్యుడైన మాడిసన్ అన్నాడు, ఆయనా బానిసల యజమానే. 1790 జనాభా లెక్కల్లో దాదాపు 39 లక్షల మందిలో 7 లక్షల మంది బానిసలని తేలింది. తప్పని తెలియనివాళ్లు ఆ మాట రాయడానికి ఎందుకు సిగ్గుపడతారు?

వదిలేయడం వాళ్ల వల్ల అయ్యే పని కాదు, అప్పులు, పొగాకు సాగు అంటారా? వర్జీనియాలోనే రాబర్ట్ కార్టర్ అనే పెద్ద భూస్వామి 1791లో దస్తావేజు రాసి 450 మందికి పైగా బానిసలను దఫాలుగా విడిచిపెట్టే ఏర్పాటు చేశాడు. ఆయన పేరు ఎందరికి తెలుసు? జెఫర్సన్ చనిపోయాక అప్పులు తీర్చడానికి 1827లో ఆయన ఇంటి దగ్గర 130 మందిని వేలానికి పెట్టారు.

ఇంతకీ సమానత్వం మాటని ఉన్నదున్నట్టు నమ్మింది ఎవరంటే, దాన్ని తమ కోసం ఎవరూ రాయలేదని తెలిసినవాళ్లు. మసాచుసెట్స్‌లో మమ్ బెట్ అనే బానిస ఉండేది. ప్రకృతి స్థితిలో మనుషులంతా సమానం, స్వేచ్ఛాపరులు అని 1773లో ఊరి పెద్దలు తీర్మానం రాసుకున్నది ఆమె యజమాని ఆష్లీ ఇంట్లోనే. 1780లో రాష్ట్ర రాజ్యాంగమూ ఆ మాటే చెప్పింది. ఆమె లాయరును పట్టుకుని, నేను మనిషిని కాదా అని కేసు వేయించింది. 1781లో జ్యూరీ ఆమెను విడుదల చేసి, యజమాని చేత 30 షిల్లింగులు కట్టించింది. జీతం ఇస్తాను, తిరిగి రమ్మని ఆష్లీ అడిగితే ఆమె వెళ్లలేదు.

మళ్లీ వాషింగ్టన్ దగ్గరికి వద్దాం. ఆయన వీలునామాలో తన 123 మంది బానిసల విడుదలకి రాశాడు, అది ఆయన ఖాతాలో వేయాల్సిందే. కానీ రాజధాని ఫిలడెల్ఫియాలో ఉన్నప్పుడు, బయటి రాష్ట్రంవాళ్లు తెచ్చిన బానిస ఆరు నెలలు అక్కడే ఉంటే విడుదల కోరవచ్చనే చట్టం ఉండేది. గడువు పూర్తి కాకుండా తన ఇంటి బానిసలను రాష్ట్రం దాటించి తేవాలని, వాళ్లకీ జనానికీ అసలు సంగతి తెలియని సాకు ఏదైనా చెప్పాలని 1791లో ఆయన తన కార్యదర్శికి రాశాడు. తెలియక చేసేవాడికి సాకుతో పనేముంది?

1796 మే 21న ఆ ఇంట్లో వాళ్లు భోజనానికి కూర్చున్న వేళ, ఓనా జడ్జ్ అనే బానిస యువతి బయటికి నడిచి, ఓడెక్కి న్యూ హాంప్‌షైర్ చేరింది. తనని వాషింగ్టన్ భార్య మార్తా మనవరాలికి ఇచ్చేయబోతున్నారని ఆమెకు తెలిసింది. అధ్యక్షుడు మనుషుల్ని పంపాడు, ఆమె రాలేదు. పెళ్లి చేసుకుంది, పేదరికంలోనే బతికింది. వాషింగ్టన్ ఇంట్లో కంటే ఇక్కడ ఇంత కష్టపడ్డావు కదా, వచ్చేసినందుకు బాధ లేదా అని ముసలితనంలో ఒకరు అడిగితే, లేదు, నేను స్వేచ్ఛగా ఉన్నాను అంది. 1848లో పోయేదాకా చట్టం దృష్టిలో ఆమె మార్తా మొదటి భర్త కుటుంబం ఆస్తి. న్యూ హాంప్‌షైర్‌లో పుట్టిన ముగ్గురు బిడ్డలూ, తల్లిని బట్టి, అంతే.