మిగిలిన బోల్టులు

విమానాలకి రూల్సు పెట్టే సర్కారు ఆఫీసు డీజీసీఏ వాళ్లు మా పిల్లల మీద కక్ష కట్టారని మా చిన్నాన్న అనుమానం. నాదీ అదే.

అసలు దేశానికి విమానయాన మంత్రుల్ని సప్లై చేసేదే మేము, 2014లో విజయనగరం నుంచి అశోక్ గజపతిరాజు గారు, 2024లో శ్రీకాకుళం నుంచి రామ్మోహన్ నాయుడు గారు. భోగాపురం ఎయిర్‌పోర్టుకైతే 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన చేశారు, ఒక్క రాయికి ఆగదేమో అని. ఇంత చేశాక విమానం మెకానిక్ ఉద్యోగాలు ఇంటికొచ్చి ఇవ్వొద్దూ?

ఇవ్వరట. మాడ్యూళ్లని పరీక్షలు రాయాలట, ఒక్కోదానికి 75 శాతం వస్తేనే పాసట. 35 వస్తే కొబ్బరికాయ కొట్టే ఇళ్లు మావి! అదీ గట్టెక్కితే విమానాల మీద పనిచేసి ఆ పనంతా లాగ్‌బుక్‌లో నింపాలి, అప్పుడు లైసెన్సు, మళ్లీ ఫలానా రకం విమానం ఎగరొచ్చని సంతకం పెట్టాలంటే ఆ రకానికి టైప్ రేటింగని విడిగా ఇంకో అనుమతి. ఇంజిన్ చూసేవాడు బీ1, రేడియోలు నావిగేషన్ చూసేవాడు బీ2 అట, మా ఊళ్లో మోటారు, మిక్సీ, ట్రాక్టరు ఒక్కడే చూస్తాడు.

మా కష్టం అర్థం చేసుకున్నది ఒక్కడే, ఆరు నెలల్లో ఎయిర్‌పోర్టు జాబ్ అని ఆటోల వెనక పోస్టర్లేసే ఆయన. ఆయన దగ్గర 75 గొడవ లేదు, డీజీసీఏ గుర్తింపు గొడవా లేదు.

చిన్నాన్నకి చీపురుపల్లిలో బైకుల షెడ్డు. ఇంజిన్ విప్పి మళ్లీ బిగించాక రెండు బోల్టులు మిగిలితే జేబులో వేసుకుని, "కంపెనీవోడు ఎగస్ట్రా ఇచ్చీసినాడు బావూ" అంటాడు. బండి నడుస్తుంది కూడా.

ఆయన కొడుకు విమానం మెకానిక్ ట్రైనింగ్ నుంచి సంక్రాంతికొచ్చి ఒక సంగతి చెప్పాడు, హ్యాంగర్‌లో, అంటే విమానాల షెడ్డులో, బోర్డు మీద ప్రతి స్పానర్‌కీ దాని ఆకారం గీసి ఉంటుందట, పని అయ్యాక ఒక్క ఆకారం ఖాళీగా కనిపించినా అది దొరికేదాకా విమానం కదలదట.

"పక్క షాపోడు పట్టుకెల్లుంటాడు, అడగనేదేటి?" అన్నాడు చిన్నాన్న.

వాడు ఊరుకోకుండా షెడ్డు గోడ మీద సుద్దముక్కతో అన్నీ గీశాడు. సాయంత్రానికి 10-11 సైజు స్పానర్ ఒకటి లేదు. ముగ్గురు కస్టమర్లు హారన్లు కొడుతుంటే షట్టర్ సగం దించి అడ్డంగా నిలబడ్డాడు, ఒక్క బండీ కదలదు అని. గంట వెతికాక చిన్నాన్న చొక్కా జేబులోనే దొరికింది, దాంతోపాటు రెండు బోల్టులూ బయటికొచ్చాయి.

"ఇవి ఈ మూడిట్లో ఏ బండివి నాన్నా?" అనడిగాడు వాడు.

డీజీసీఏ మీద చిన్నాన్నకి అనుమానం మొదలైంది ఆ రోజే.