గార్సియాపారాను వదులుకున్నది అంకెలు చూసి మాత్రమే కాదు

అమెరికా బేస్‌బాల్ జట్లను నడిపిన థియో ఎప్‌స్టీన్ గురించిన వ్యాసం చదివాను. అతను సాధించినదంతా గణాంకాల మహిమేనన్న వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. 28 ఏళ్లకే బోస్టన్ రెడ్ సాక్స్ జట్టుకు జనరల్ మేనేజర్ (ఆటగాళ్లను ఎంపిక చేసే అధికారి) అయిన మనిషి అంకెలు చూడలేదని ఎవరంటారు? కానీ 2004 జులై 31న, ఆటగాళ్ల మార్పిడి గడువు ముగిసే రోజున, ఊరంతా నెత్తిన పెట్టుకున్న స్టార్ ఆటగాడు నోమర్ గార్సియాపారాను వదులుకోవడానికి గుండె ధైర్యం కావాలి. అదే రోజు డాడ్జర్స్ జట్టు నుంచి డేవ్ రాబర్ట్స్‌ను తెచ్చుకున్నాడు, ముఖ్యంగా అతని కాళ్ల వేగం కోసం. ఆ అక్టోబరులో నాలుగు మ్యాచ్‌లు గెలిచినవారిదే అయిన సిరీస్‌లో యాంకీస్ జట్టు చేతిలో వరుసగా 3 మ్యాచ్‌లు ఓడి, నాలుగో దానిలోనూ తొమ్మిదో ఇన్నింగ్స్‌కు ఒక్క పరుగు వెనకబడి ఉన్న జట్టును నిలబెట్టింది ఈ రాబర్ట్సే. మొదటి బేస్ (పరుగు దారిలో తొలి మజిలీ) దగ్గర అతన్ని కట్టడి చేయాలని యాంకీస్ పిచర్ (బంతి విసిరే ఆటగాడు) మరియానో రివేరా 3 సార్లు బంతి అటు విసిరాడు. అయినా ఆ తర్వాతి బంతికే రాబర్ట్స్ పరుగెత్తి, ముందుకు దూకి, రెప్పపాటు తేడాతో రెండో బేస్ అందుకున్నాడు, ఆపై స్కోరు సమం చేసే పరుగు తీశాడు. ఆ వీడియో ఎప్పుడు చూసినా నాకు ఊపిరి బిగుసుకుంటుంది. పన్నెండో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్‌తో మ్యాచ్ ముగించిన డేవిడ్ ఓర్టిజ్ కూడా అంతకుముందు మిన్నెసోటా ట్విన్స్ వదిలేసిన ఆటగాడే. టైటిల్ కోసం రెడ్ సాక్స్ 86 ఏళ్ల నిరీక్షణ ఆ ఏడాదే తీరింది. తర్వాత షికాగో కబ్స్‌లో అధ్యక్షుడిగా ఎప్‌స్టీన్ తొలి సీజన్‌లో జట్టు 101 మ్యాచ్‌లు ఓడింది. అయినా యజమానులు తొందరపడలేదు. 2016లో కబ్స్ గెలిచిన టైటిల్‌లో వారి ఓర్పుకూ వాటా ఉంది, వ్యాసం ఆ ఊసే ఎత్తలేదు.